గోడ మనది – వీధి అందరిది: ఉప్పల్, నాచారములలో నామఫలకముల నిబంధనలు

అంగడి పెట్టినవానికి సరుకు ఎంత ముఖ్యమో, ఆ సరుకు తన యొద్ద కలదని నలుగురికి తెలియజేయు పలకయు నంత ముఖ్యము. పల్లెలో ఈ అవసరము అంతగా కానరాదు. ఫలానావారి అంగడి యనిన ఊరందరికిని తెలియును. పట్టణమునం దట్లు కాదు. దారిన పోవువాడు పలకను చదివియే లోపలికి వచ్చును. కావుననే పల్లె విడిచి పట్టణమున వ్యాపారము ప్రారంభించువారు మొట్టమొదట పెట్టు ఖర్చులలో బోర్డు ఖర్చు ఒకటి. ఆ బోర్డు ఎంత పెద్దదైన అంత మేలని పలువురు తలంతురు. దానికి కొలతయు, ఎత్తును, స్థలమును నిర్ణయించు నిబంధనలు కలవని తెలియక, తరువాత నోటీసు అందుకొని చింతించువారు కూడ కలరు. అట్టి నిబంధనలు ఏవి, అవి ఎందుకు ఏర్పడినవి అను విషయములను మన పాఠకులకు విశదపరచుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

నిన్నటి పల్లె, నేటి నగరము

హైదరాబాదునకు తూర్పుననున్న ఉప్పల్, నాచారము ప్రాంతములను ఇందుకు ఉదాహరణముగ గైకొందము. ఉప్పల్ పాత పేరు ఉప్పల్ కలాన్. కలాన్ అనగా పారశీకమున పెద్దది యని అర్థము. పెద్ద ఉప్పల్ అని చెప్పుకొనిన ఆ ఊరు క్రమముగ పురపాలక సంఘమాయెను. 2007 ఏప్రిల్ 16వ తేదీన ఉప్పల్ కలాన్‌తో సహా 12 పురపాలక సంఘములును, 8 గ్రామ పంచాయతీలును పాత హైదరాబాదు నగరపాలక సంస్థతో కలిసి బృహత్ హైదరాబాదు నగరపాలక సంస్థగ రూపొందినవి. ఆ తరువాత 2017 నవంబరులో ఉప్పల్ మీదుగ మెట్రో రైలు నడవసాగెను. వరంగల్లు పోవు జాతీయ రహదారియు, నాగోలు నుండి వచ్చు దారియు, హబ్సిగూడ వైపు పోవు దారియు కలియు ఉప్పల్ కూడలిలో, పాదచారులు రోడ్డు దాటుటకై 2023 జూన్ నెలలో ఆకాశమార్గము తెరువబడినది. నాచారమున పారిశ్రామిక వాడయు, కార్మిక బీమా ఆసుపత్రియు, వాటి చుట్టు నివాస కాలనీలును పెరిగినవి.

మేము ఈ ప్రాంతములగుండ పోవునపుడు ఒక విషయము స్పష్టముగ గోచరించినది. ఒకే వీధిలో క్రింద కిరాణా అంగడి, దానిపై దంతవైద్యుని గది, ఆపై విద్యార్థుల వసతిగృహము, పక్కనే ఇనుప సామానుల కార్ఖానా యుండును. ప్రతివాడును తన పేరు ముందుగ కనిపింపవలెనని కోరును. ఒకడు నాలుగడుగుల పలక పెట్టిన, ప్రక్కవాడు ఆరడుగులది పెట్టును. మొదటివాడు దానిని ఎనిమిది అడుగులకు పెంచును. ఇట్లు పోటీ పడగా తుదకు ఎవరి పేరును కనబడదు. కిటికీలు మూసుకొనిపోవును, గాలి వెలుతురు తగ్గును, రోడ్డు మలుపును చూపు సూచిక సైతము బోర్డుల వెనుకకు పోవును. నిబంధనల అవసరము ఇచ్చటనే ప్రారంభమగుచున్నది.

పేరు పలక వేరు, ప్రకటన వేరు

ఒక రైతు కుమారుడు నాచారమున ఒక గది అద్దెకు తీసికొని మోటారు పంపుల విడిభాగముల అంగడి పెట్టినాడనుకొందము. అతడు తన అంగడి పేరును, తాను అమ్ము వస్తువులను తెలుపుచు తలుపుపై కట్టుకొనునది పేరు పలక. ఆ స్థలములో జరుగు వ్యాపారమునకే అది సంబంధించినది. అతని ఇంటి మేడపై మరియొక సంస్థవారు సబ్బులను గూర్చియో, నగలను గూర్చియో పెద్ద చట్రము నిలిపి అతనికి నెలకింత అద్దె ఇచ్చినచో, అది ప్రకటన. ప్రకటన స్థలమును అమ్ముకొనుట ఒక వ్యాపారము. ఈ రెంటిని చట్టము ఒకే విధముగ చూడదు.

వీని నడుమ మోసపుచ్చు మూడవ రకము ఒకటి కలదు. పానీయముల కంపెనీయో, సెల్‌ఫోను కంపెనీయో వచ్చి, “అన్నా, నీకు బోర్డు ఉచితముగ చేయించి ఇస్తాము, ఒక్క పైసా ఇయ్యనక్కర లేదు” అని చెప్పుదురు. తీరా చూడగా బోర్డులో ముప్పాతిక భాగము కంపెనీ గుర్తు, ఒక మూల చిన్న అక్షరములతో అంగడి పేరు. ఇట్టిదానిని పేరు పలక యని వాదించుట కష్టము. అధికారులు దానిని ప్రకటనగా లెక్కించినచో, ఉచితముగ వచ్చిన బోర్డు నోటీసును వెంటబెట్టుకొని వచ్చును. నోటీసు కంపెనీకి గాక అంగడివానికే మొదట అందునని గుర్తుంచుకొనవలెను.

చట్టము ఏమి చెప్పుచున్నది

నగరమున ఈ విషయమునకు మూలము 1955 నాటి హైదరాబాదు నగరపాలక సంస్థల శాసనము. తరువాతి కాలమున దీని పేరు బృహత్ హైదరాబాదు నగరపాలక సంస్థ శాసనముగ మార్చబడెను. ఇందు 420వ సెక్షను ఆకసమున నిలిచి కనబడు ఎత్తైన ఫలకములను గూర్చియు, 421వ సెక్షను భూమిపై, కట్టడముపై, గోడపై, చట్రముపై ప్రదర్శించు ప్రకటనలను గూర్చియు చెప్పును. కమిషనరు వ్రాతపూర్వక అనుమతి లేక, వీధినుండి కనబడునట్లు ప్రకటన నిలుపరాదని దాని సారాంశము.

“నా గోడ, నా యిష్టము” అనువానికి సమాధానము ఈ మాటలోనే యున్నది. గోడ అతనిదే, సందేహము లేదు. కాని ఆ ప్రకటన ఉద్దేశింపబడినది వీధిని పోవు మనుష్యుల కన్నులకు. అది ఊడిపడినను పడునది వీధిని పోవువారి తలలపైననే. మన యింట పెండ్లికి పందిరి వేసికొనుట మన హక్కు. ఆ పందిరి గుంజ బండ్ల దారిలో పాతుట మన హక్కు కాదు. శాసనము చేయునది ఈ భేదమును నిలుపుటయే. చెన్నై హోర్డింగుల నిబంధనలను ప్రశ్నించుచు ప్రకటన సంస్థలు సుప్రీంకోర్టునకు పోగా, 2008లో ఆ న్యాయస్థానము నిబంధనలను సమర్థించెను. అంతకు పూర్వము 1997లో, ఢిల్లీ రోడ్లపై వాహనములు నడుపువారి దృష్టిని మరలించి ప్రమాదమునకు హేతువగు హోర్డింగులను తొలగింపుమని అదే న్యాయస్థానము ఆదేశించియుండెను.

పదునైదు అడుగులు, నూటికి పదునైదు వంతులు

తెలంగాణ ప్రభుత్వ పురపాలక శాఖ 2020 ఏప్రిల్ 20వ తేదీన 68వ సంఖ్యగల ఉత్తర్వును వెలువరించెను. అందలి రెండు కొలతలు ప్రతి వర్తకుడును కంఠస్థము చేయదగినవి. మొదటిది ఎత్తు. భూమట్టమునుండి 15 అడుగులకు పైన బహిరంగ ప్రకటన నిర్మాణములు ఉండరాదని ఆ ఉత్తర్వు నిర్దేశించినది. రెండవది వైశాల్యము. పేరు పలకలు భవనపు ముఖభాగ వైశాల్యములో నూటికి 15 వంతులకు మించరాదు. మిణుకు మిణుకుమనుచు వెలిగి ఆరు దీపములును, కదలు బొమ్మలును రోడ్డుపై పోవువారి చూపును చెదరగొట్టునని అట్టివానిని కూడ నిషేధించినది. అనుమతి లేని ప్రకటనకు దినమునకు లక్ష రూపాయల వరకు జరిమానా యుండెను. ఒక చిన్న అంగడి పెట్టుబడియంతయు కొద్ది దినములలో హరించుకొనిపోవుటకు అది చాలును.

ఈ నూటికి 15 వంతులను లెక్కించుట కష్టము కాదు. మన పంపుల వర్తకుడు ఉన్నది ఒకే అంతస్తు గల చిన్న కట్టడమనుకొందము. దాని ముఖము వెడల్పు 12 అడుగులు, ఎత్తు 10 అడుగులు. గుణించిన 120 చదరపు అడుగులు. ఇందు నూటికి 15 వంతులనగా 18 చదరపు అడుగులు. 9 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు గల బోర్డు సరిగా సరిపోవును. చేవ్రాత చక్కగనున్నచో ఈ బోర్డు రోడ్డుకు ఆవలి వైపునుండి కూడ చదువవచ్చును.

కట్టడము పెద్దదై, అందు అంగళ్లు పెక్కు ఉన్నచో మరియొక జాగ్రత్త కావలెను. 30 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు గల కట్టడమునకు ముఖ వైశాల్యము 600 చదరపు అడుగులు. అందు నూటికి 15 వంతులు 90 చదరపు అడుగులు. అందు మూడు అంగళ్లు ఉన్నచో ఒక్కొక్కనికి 30 చొప్పున పంచుకొనిన న్యాయముగ నుండును. ముందు వచ్చినవాడే 80 అడుగులు ఆక్రమించినచో తరువాతివారితో తగవు తప్పదు. కావున యజమాని అద్దె పత్రము వ్రాయునాడే ఎవరి బోర్డు ఎచ్చట, ఎంత అనునది వ్రాసికొనుట మంచిది.

గాలికి లెక్క తెలియును

ఈ కొలతలు కేవలము అందము కొరకు పెట్టినవని అనుకొనరాదు. వీని వెనుక గాలి బలము కలదు. భారతీయ ప్రమాణముల ననుసరించి హైదరాబాదులో కట్టడములకు లెక్కింపవలసిన మూల గాలివేగము సెకనుకు 44 మీటర్లు. అనగా గంటకు సుమారు 158 కిలోమీటర్లు. ఆ వేగముతో గాలి ఎదురుగ తాకినపుడు ఒక్కొక్క చదరపు మీటరుపై సుమారు 118 కిలోల ఒత్తిడి పడును. మన వర్తకుని 18 చదరపు అడుగుల పలకపై పడునది సుమారు రెండు క్వింటాళ్లు. గోడకు గట్టి బోల్టులతో బిగించిన అది నిలుచును. అదే మేడమీద 20 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తుగల హోర్డింగు నిలిపినచో, దానిపై పడు ఒత్తిడి సుమారు 22 క్వింటాళ్లు. నాలుగు ఇనుప కాళ్లపై నిలిచిన తెరచాపను ఇరువది రెండు క్వింటాళ్ల బలము త్రోయుచున్నట్లు ఊహింపుడు. గాలివేగము రెట్టింపైన ఒత్తిడి రెట్టింపు కాదు, నాలుగింతలగును. మామూలు గాలికి నిలిచినది ఈదురుగాలికి కూలుటకు కారణమిదియే.

వేసవిలో ఉరుములతో వచ్చు గాలివాన మన ప్రాంతమునకు క్రొత్త కాదు. 2016 మే నెలలో అట్టి గాలులకు హైదరాబాదు నగరమున అనేక హోర్డింగులు కూలినవి. ఇంతకంటె ఘోరమైన ప్రమాదము 2024 మే 13వ తేదీన బొంబాయి నగరమున ఘాట్కోపర్‌లో జరిగెను. అచ్చటి నగరపాలక సంస్థ గరిష్ఠముగ అనుమతించునది 40 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు. అచ్చట నిలిపినది 120 అడుగుల పొడవు, 120 అడుగుల వెడల్పు. గాలివానకు అది పెట్రోలు బంకుపై కూలగా 17 మంది ప్రాణములు కోల్పోయిరి. వారిలో పలువురు వాన వెలియువరకు నిలిచినవారు, బండికి పెట్రోలు పోయించుకొన వచ్చినవారు. ఆ ప్రకటనతో వారికి ఏ సంబంధమును లేదు.

ప్రమాదమునకు హోర్డింగు అంతటిదే కావలెనని లేదు. 2019 సెప్టెంబరులో చెన్నైయందు ఒక పెండ్లికై రోడ్డు నడుమ కట్టిన ఫ్లెక్సీ ఊడి, స్కూటరుపై పోవుచున్న 23 ఏండ్ల యువతిపై పడెను. ఆమె క్రిందపడగా వెనుక వచ్చుచున్న లారీ ఆమె ప్రాణము తీసెను. పెండ్లియింటివారు అట్టి కీడును కలనైన కోరియుండరు. కాని ఫ్లెక్సీని ఎచ్చట కట్టుచున్నాము, ఎట్లు కట్టుచున్నాము అని ఎవరును ఆలోచింపకుండిరి.

తీగెలు, కూడళ్లు, గోడలు

నాచారము, ఉప్పల్ వీధులలో కరెంటు తీగెలు పెక్కుచోట్ల మేడలకు సమీపముగనే పోవుచున్నవి. బోర్డు చట్రము ఇనుపది. దానిని ఎత్తునపుడు తీగెకు తగిలినచో పట్టుకొన్నవాని ప్రాణమునకే ముప్పు. 11 వేల వోల్టుల తీగెకు కట్టడముల నుండి ప్రక్కగ కనీసము 1.2 మీటర్లును, పైకి 3.7 మీటర్లును ఎడముండవలెనని విద్యుత్ భద్రతా నిబంధనలు చెప్పుచున్నవి. ఎడము తక్కువయని తోచినచో, విద్యుత్ శాఖవారికి తెలిపి తీగెలో కరెంటు నిలిపించిన పిమ్మటనే పని ప్రారంభింపవలెను.

రోడ్డు కూడళ్ల విషయమున భారత రోడ్డు కాంగ్రెసువారు 1972లోనే మార్గదర్శకములు ప్రకటించియున్నారు. కూడలికి 100 మీటర్ల లోపలను, పట్టణములలో 50 మీటర్ల లోపలను ప్రకటనలు ఆక్షేపణీయములని అవి తెలుపును. ట్రాఫిక్ సూచికలను మరుగుపరచునవియు అట్టివే. ఉప్పల్ కూడలి వంటిచోట బస్సులు, లారీలు, ఆటోలు నలుదిక్కులనుండి వచ్చుచుండగా, డ్రైవరు చూడవలసినది ఎఱ్ఱదీపమును గాని ఎఱ్ఱని ప్రకటనను గాదు.

ఇక గోడలపై వ్రాతలు, అంటించు కాగితములు. బహిరంగ స్థలములను వికృతపరచుటను నిషేధించుచు 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ప్రత్యేక శాసనము చేయబడెను. బడిగోడపైనను, మెట్రో స్తంభముపైనను, వంతెనపైనను అనుమతి లేక ప్రకటన అంటించుట దోషము. చెట్టునకు మేకులు కొట్టి పలక తగిలించుట ఆ చెట్టునకు హాని చేయుట. మనకు నీడ నిచ్చు దానిచే మన బోర్డును మోయించుట ధర్మమా యని ఒక్కసారి ఆలోచింపవలెను.

పలకపై తెలుగు

పరిమాణముతో పాటు భాషను గూర్చియు నిబంధన కలదు. 1988 నాటి దుకాణములు, సంస్థల శాసనము క్రింద 1990లో ఏర్పడిన నియమముల ప్రకారము అంగడి పేరు తెలుగున ఉండవలెను. ఇతర భాషలలో కూడ వ్రాయదలచినచో అవి తెలుగునకు క్రింద ఉండవలెను. నగరమున ఈ నియమమును మరచినవారు పెక్కురు కలరు. తెలుగు మాత్రమే చదువనేర్చిన వృద్ధురాలు మందుల అంగడిని వెదకుకొనుచు వచ్చినపుడు ఈ నియమముయొక్క విలువ తెలియును. మందుల దుకాణమని పెద్ద తెలుగు అక్షరములతో వ్రాసియున్న, ఆమెకు మరియొకరి సహాయము అవసరము లేదు.

ఇతర దేశముల అనుభవము

ఈ సమస్య మన నగరములకే పరిమితము కాదు. అమెరికా దేశమున 1965లో రహదారుల వెంట హోర్డింగులను అదుపుచేయుటకై ప్రత్యేక శాసనము చేసిరి. బ్రెజిల్ దేశమున సావో పౌలో అను మహానగరము 2007లో మరియొక అడుగు ముందుకు వేసి, బహిరంగ ప్రకటనలను దాదాపు పూర్తిగా నిషేధించెను. అచ్చట అంగడి ముఖము 10 మీటర్లకు తక్కువైనచో పేరు పలక 1.5 చదరపు మీటర్లకు మించరాదని నిర్ణయించిరి. ఇది సుమారు 16 చదరపు అడుగులు. మన వర్తకునికి లెక్కవచ్చిన 18 చదరపు అడుగులతో దీనిని పోల్చిచూచిన, మన కొలత అంత కఠినమైనది కాదని తెలియును. అందరి పలకలును చిన్నవైనపుడు చిన్న పలకయు బాగుగనే కనబడును. పోటీ తగ్గినపుడు ఖర్చు తగ్గుట వర్తకునికి లాభము.

బోర్డు కట్టించుటకు ముందు

క్రొత్తగ అంగడి పెట్టువారు ఈ క్రింది క్రమమును పాటించుట శ్రేయస్కరము.

1. పెయింటరు వద్దకు పోకముందే కట్టడపు ముఖము కొలిచి, నూటికి 15 వంతులెంతయో కాగితముపై వేసికొనవలెను.

2. ఆ కాగితముతో ప్రాంతీయ పురపాలక కార్యాలయమునకు పోయి, ప్రస్తుతము అమలులోనున్న ఉత్తర్వు ఏది, రుసుము ఎంత, కొలత తీయు పద్ధతి ఏది యని విచారింపవలెను. ఇట్టి ఉత్తర్వులు కాలానుగుణముగ మారుచుండును. నగర పరిపాలన విభాగములును మారుచుండును. పొరుగువాడు అయిదేండ్ల క్రిందట చెప్పించుకొన్న మాటపై ఆధారపడరాదు.

3. వ్యాపార లైసెన్సును, యజమాని వ్రాతపూర్వక సమ్మతిని సిద్ధముగ నుంచుకొనవలెను. లైసెన్సు ఉన్నంతమాత్రమున ప్రకటనకు అనుమతి లభించినట్లు కాదు.

4. పలక పెద్దదైనచో, దానిని మోయు చట్రమును, గోడను అర్హుడైన ఇంజనీరుచే పరీక్ష చేయించి ధ్రువపత్రము పొందవలెను.

5. చెల్లించిన ప్రతి రూపాయికి రసీదు తీసికొనవలెను. నోటీసు వచ్చినచో దాచిపెట్టక, గడువు లోపల వ్రాతమూలకముగ సమాధానమీయవలెను.

6. ప్రతి సంవత్సరము వేసవి గాలులకు ముందు బోల్టులు, తుప్పు, తీగెలు చూచుకొనవలెను. చినిగిన ఫ్లెక్సీని వెంటనే దింపివేయవలెను.

మేడను హోర్డింగునకు అద్దెకిచ్చు గృహస్థులకు ఒక మాట. నెలనెల వచ్చు అద్దె చూచి సంతోషించుట సహజమే. కాని ఆ చట్రమునకు అనుమతి కలదా, దాని గడువు ఎప్పటివరకు, ప్రమాదము జరిగినచో బాధ్యత ఎవరిది అను మూడు ప్రశ్నలకు కాగితముపై సమాధానము లేనిచో, ఆ అద్దె సొమ్ము నిజముగ లాభము కాదు. ఆ మేడ క్రింద నిద్రించువారు మన బిడ్డలే యని మరువరాదు.

గ్రామములకు పాఠము

ఇదంతయు నగరము సంగతి, మా ఊరికేల యని కొందరు పాఠకులు తలంపవచ్చును. ఉప్పల్ కూడ ఒకనాడు ఊరే. రహదారి వచ్చిన ఊరికి అంగళ్లు వచ్చును. అంగళ్లు వచ్చిన చోటికి బోర్డులు వచ్చును. ఊరి మొగదలలో నాయకుల ఫ్లెక్సీలు, పుట్టినరోజుల ఫ్లెక్సీలు బస్సు వచ్చు మలుపును కప్పివేయుట నేడు ఏ గ్రామమునకును క్రొత్త కాదు. నగరమువలె పెరిగి, బాధపడి, పిమ్మట నిబంధనలు వ్రాసికొనుటకంటె, మలుపుల వద్ద, బడి ఎదుట, కరెంటు తీగెల క్రింద బోర్డులు కట్టరాదని గ్రామసభలో ఇప్పుడే తీర్మానించుకొనుట సులభము. దీనికి ధనము అక్కరలేదు. నలుగురి సమ్మతి చాలును.

మన పేరు నలుగురికి కనబడవలెనని కోరుట తప్పు కాదు. ఆ పేరు చూచుటకు తలయెత్తినవాడు క్షేమముగ ఇల్లు చేరవలెను. గోడ మనదే, వీధి మాత్రము అందరిది. ఈ మాట గుర్తున్నచో నిబంధనలు భారమని తోచవు.